శాంతకుమారమ్మ పొట్లాలు

నంద్యాల శాంతకుమారమ్మ ఈ లోకంలో దేన్నైనా ఓర్చుకుంటుంది గానీ, మనిషన్నవాడు ఉత్త చేతులతో ఊరికి పోవడం మాత్రం ఓర్చుకోలేదు. ఎవరి చేతిలోనైనా సంచి కనపడితే అందులో ఇంకా ఎంత చోటుందో తొంగి చూస్తుంది. సంచి లేకపోతే సంచి కూడా తనే ఇస్తుంది. "ఎట్లా పోతాండావ్ గదా, రోంత దీన్ని ఇచ్చిపో!" అంటుంది. ఆ 'దీన్ని' అనేది ఊరగాయ జాడీ కావచ్చు, రిపేరుకొచ్చిన మిక్సీ కావచ్చు, ఒకసారైతే ఉయ్యాల తొట్టి. ఆ తొట్టిని మోసుకుపోయినవాడు పాపం పెళ్లిచూపులకు పోతున్న అబ్బాయి. ఆడపిల్ల తరఫువాళ్లు ముందు తొట్టిని చూశారు, తర్వాత అబ్బాయిని చూశారు, ఆ తర్వాత కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశారు.

ఆమె భర్త బాలసుబ్రహ్మణ్యం శెట్టికి స్టీలు సామాన్ల అంగడి ఉంది. అంగట్లో అమ్ముడుపోయిన డబ్బాల కంటే ఈవిడ ఊళ్లకు పంపిన డబ్బాలే ఎక్కువని వీధిలో అనుకుంటారు. ప్రతి మూత మీదా 'బి. శాంతకుమారి, నంద్యాల' అని చెక్కి ఉంటుంది. పొట్లం తీసుకుపోయిన మనిషి ఎప్పుడు తిరిగొచ్చినా ఆమెకు అభ్యంతరం లేదు. డబ్బా మాత్రం వారం లోపల రావాలి.

ఇక ఆమె భూగోళం సంగతి. ఆ భూగోళంలో ఊళ్లన్నీ దారిలోనే ఉంటాయి. తిరుపతికి పోతున్న పక్కింటి సాయినాథ్ చేతిలో ఓ రోజు బేతంచెర్ల పొట్లం పెట్టింది.

"అత్తా, బేతంచెర్ల ఆ పక్క. తిరుపతి ఈ పక్క," అన్నాడు సాయినాథ్.

"ఏ పక్కైతే ఏందిరా? ఊరు దాటినాక అంతా దారే గదా!"

సాయినాథ్ బేతంచెర్ల మీదుగానే తిరుపతికి పోయి, దర్శనం టైము దాటిపోయి, దేవుడికి బయటి నుంచే దండం పెట్టుకుని వచ్చాడు. "గోపురం కనపడిందా లేదా?" అని అడిగింది శాంతకుమారమ్మ. కనపడిందన్నాడు. "మళ్ల ఇంకేం!" అంది.

ఇంకోసారి పోలీసు జీపొకటి వాళ్ల వీధిలో టీకి ఆగింది. వెనక సీట్లో ఒక దొంగ. అతన్ని ఆళ్లగడ్డ కోర్టుకు తీసుకుపోతున్నారు. శాంతకుమారమ్మ అరిసెల డబ్బాతో మెట్లు దిగింది.

"ఆళ్లగడ్డకేనా నాయనా?"

"అవునమ్మా," అన్నాడు కానిస్టేబులు. "కానీ మా దగ్గర తుపాకులుండాయి, ఫైళ్లుండాయి. చేతులు ఖాళీ లేవు."

"ఆయప్పవి ఖాళీనే గదా," అని ఆమె డబ్బాను తీసుకెళ్లి దొంగ ఒళ్లో పెట్టింది. "ఇరవై నాలుగుండాయి అప్పా. జాగ్రత్త."

మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ నుంచి ఫోనొచ్చింది. ఇరవై నాలుగు అరిసెలూ చేరాయి. శాంతకుమారమ్మ ఫోను పెట్టేసి భర్త వైపు తిరిగింది. "పోయినసారి మీరు తీసుకపోతే ఇరవై ఒకటే చేరినాయి," అంది. శెట్టిగారు పేపరు కొంచెం పైకెత్తి ముఖం దాచుకున్నారు.

అలాంటి ఇంటి మిద్దె మీద గదిలోకి మార్తా అద్దెకు దిగింది. మార్తాది పోలండు. పిల్లల చేతులకూ కాళ్లకూ వ్యాయామం చేయించే డాక్టరమ్మ. నంద్యాలలో సరిగా నడవలేని పిల్లల కోసం నడిపే ఒక కేంద్రంలో ఆరు నెలలు ఉచితంగా సేవ చేయడానికి వచ్చింది. మంచులో పుట్టి పెరిగిన పిల్ల, నంద్యాల ఎండకు మొదటి వారంలోనే టమేటా రంగుకు తిరిగింది. అయినా వెనక్కి పోతానని ఒక్కసారి కూడా అనలేదు. గట్టి పిల్ల.

తెలుగు మాత్రం కేంద్రంలో పిల్లల దగ్గరే నేర్చుకుంది. కాళ్లు సాగదీసి వ్యాయామం చేయించేటప్పుడు పిల్లలు ఏమంటారో మీకు తెలియనిదా? "నేను చెయ్యను పో!" "నాకొద్దు పో!" "సచ్చినా చెయ్యను!" కాబట్టి మార్తాకు వచ్చిన తెలుగూ అదే. కేంద్రం చూడటానికి ఓ పెద్దమనిషి వచ్చి కాఫీ తాగమంటే, చక్కగా నవ్వి, రెండు చేతులూ జోడించి, "నాకొద్దు పో!" అంది. ఆ పెద్దమనిషి వెంటనే వెళ్లిపోయాడు. శాంతకుమారమ్మను కూడా పిల్లలు పిలిచినట్టే 'అవ్వా' అని పిలిచింది. "నాకేం వయసైందని అవ్వా!" అని శాంతకుమారమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. మూడో రోజు నుంచి ఆ పిలుపు వినపడకపోతే మిద్దె మెట్ల దగ్గరికి వచ్చి నిలబడేది.

మార్తాకూ ఒక పంతం ఉంది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. సాయం చేయడానికి వచ్చినదాన్ని, సాయం పొందడమేమిటని ఆమె లెక్క. శాంతకుమారమ్మ కరకరలాడే బియ్యప్పిండి నిప్పట్లు పెడితే, "వద్దు పో." మజ్జిగ ఇస్తే, "వద్దు పో." ఎండకు గొడుగిస్తే, "సచ్చినా వద్దు." ఇచ్చే చేతికీ పుచ్చుకోని చేతికీ నాలుగు నెలలుగా మిద్దె మెట్ల మీద యుద్ధం జరుగుతూనే ఉంది. ఒక్కసారి మాత్రం కేంద్రంలో ఆయా సువార్తమ్మకు ఇమ్మని చింతపండు పొట్లం ఇస్తే, రెండు చేతులతో పట్టుకుపోయి ఇచ్చింది. సువార్తమ్మ ఆ పొట్లం పట్టుకుని నిలబడి ఉండగా ఫోటో తీసి సాయంత్రం తెచ్చి చూపించింది. ఆ ఫోటోను శాంతకుమారమ్మ చాలాసేపు చూసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫిబ్రవరిలో మార్తాకు సెలవు దొరికింది. శని, ఆదివారాలు. ఆరు నెలల్లో ఆమెకు దొరికే సెలవు అదొక్కటే. పగలంతా ఇరవై ఇద్దరు పిల్లలు, సాయంత్రమైతే శాంతకుమారమ్మ. ఇండియాకు వచ్చాక ఆమె ఒంటరిగా ఉన్నది స్నానాల గదిలోనే. అహోబిలం పోవాలి, నల్లమలలో కొండదారి పట్టి జ్వాలా నరసింహస్వామి గుహ దాకా నడవాలి, అదీ ఒక్కతే నడవాలి. ఆమెకు కావలసిందంతా అంతే.

"అవ్వా, రేపు అహోబిలం పోతాండా," అంది శుక్రవారం సాయంత్రం. "ఒక్కదాన్నే. ఎవరూ వద్దు. ఏమీ వద్దు."

"పో తల్లీ. ఎవరొద్దన్నారు?" అంది శాంతకుమారమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకుందంటే మార్తాకు అప్పుడే అనుమానం రావలసింది. శెట్టిగారు పేపరు వెనక నుంచి రెండుసార్లు దగ్గారు కూడా. పాపం, ఆ పిల్ల గమనించలేదు.

పొద్దున్నే ఆరింటికి మార్తా కిందికి దిగేసరికి గడప దగ్గర మూడు వస్తువులున్నాయి. ఒకటి నిప్పట్ల డబ్బా. ఒకటి తువ్వాలులో గట్టిగా మూటకట్టిన పెద్ద డబ్బా. మూడోది రాయి.

"ఎట్లా పోతాండావ్ గదా..." అని మొదలుపెట్టింది శాంతకుమారమ్మ.

"రాయి!" అంది మార్తా.

"రాయి కాదే, బేతంచెర్ల రాయి. రొట్టెలు తట్టే బండ. ఆళ్లగడ్డలో మా సుగుణమ్మకు. నిప్పట్లేమో సంజామల వెంకటేశ్వర్లుకు."

మార్తా ఫోనులో మ్యాపు తీసి చూసింది. "సంజామల దారిలో లేదు!"

"ఆయప్పే ఆళ్లగడ్డ బస్టాండుకొచ్చి తీసుకుంటాడు. నువ్వు రోంతసేపు కూసుంటే సాలు. ఇంగ ఈ మూట పైన అహోబిలంలో అంగడి పెట్టుకున్న హిమజకు. నువ్వు పొయ్యేది ఆడికే గదా! పాపం, వాళ్లంతా ఎదురుచూస్తాంటారు."

తనకిచ్చి ఉంటే మార్తా వద్దు పో అనేది. ఎదురుచూసేవాళ్లను ఎలా కాదంటుంది? పళ్లు నూరుకుంటూ ఆరు కిలోల రాయిని చంకకెత్తుకుంది.

బస్సెక్కగానే కండక్టరు రాయిని చూశాడు, మార్తాను చూశాడు. "శాంతకుమారమ్మ రాయేనా?" అని అడిగి, డ్రైవరు వెనక సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత రాయి బస్సంతా తిరిగింది. ఒకాయన దాన్ని నిమిరి నున్నగా ఉందన్నాడు. ఒకావిడ ఒళ్లో పెట్టుకుని, లేని పిండిని రొట్టెలా తట్టి చూసింది. వెనక సీటు ముసలాయన దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "పదేండ్లైనా పగల్దు," అని తీర్పు చెప్పాడు. ఆళ్లగడ్డ వచ్చేసరికి బస్సులో మార్తా పేరు 'రాయి పాప' అయిపోయింది.

సుగుణమ్మ ఇల్లు శిల్పుల వీధిలో ఉంది. ఆటో దిగిన మార్తా నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. సుగుణమ్మ భర్త శిల్పి. ఇంటి ముందు రాళ్లు, ఇంటి పక్క రాళ్లు, ఇంటి వెనక రాళ్లు. సగం చెక్కిన వినాయకుళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. గేటు పక్కన గుండ్రటి బండలే నాలుగున్నాయి.

"ఇక్కడ రాయి ఉంది!" అని అరిచింది మార్తా. "చాలా ఉంది! మళ్ల నాకెందుకు రాయి?"

"అది మా శాంత పంపిన రాయి గదా పాపా," అని సుగుణమ్మ తాపీగా దాన్ని తీసుకుపోయి మిగతా నాలుగింటి పక్కన పెట్టింది. "కూసో. ఉగ్గాని తిను."

"వద్దు పో."

"ఎంగిలి పడకుండా పొయ్యినావంటే రాయిని వాపస్ ఇస్తా."

మార్తా కూర్చుని ఆ బొరుగుల ఉగ్గాని తినింది. పక్కన పెట్టిన మిరపకాయ బజ్జీని కూడా కొరికింది. ఆ తర్వాత పావుగంట సేపు ఆమెకు పోలిష్ కూడా రాలేదు. ఆమె మంచినీళ్లు తాగుతుండగా సుగుణమ్మ ఫోనులో మాట్లాడుతోంది. "ఆఁ, చేరింది శాంతా. బాగుంది. ఎండకు రోంత ఎర్రగైంది. నీళ్లిచ్చినాలే." మార్తా తలతిప్పి రాయి వైపు చూసింది. రాయి నల్లగానే ఉంది. దాని మీద నీటిచుక్క కూడా కనపడలేదు. తన తెలుగే ఇంకా చాల్లేదనుకుంది.

బస్టాండులో పదిన్నరకు కూర్చుంది. వెంకటేశ్వర్లు ఫోను చేసి, "వచ్చేసినా పాపా, ఐదు నిమిషాలు!" అన్నాడు. ఆ ఐదు నిమిషాలు ఒంటిగంటన్నర దాకా సాగాయి. కళ్లముందే అహోబిలం బస్సులు నాలుగు పోయాయి. చివరికి మోటారు సైకిలు మీద దుమ్ము కొట్టుకుని ఒక పెద్ద మీసాల రైతు దిగాడు. నిప్పట్ల డబ్బా అందుకుని, మూత తీసి, ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుని కరకరమని తినడం మొదలుపెట్టాడు.

"నిప్పట్ల కోసం అంత దూరం వచ్చినావా?" అంది మార్తా.

"మా ఆడది ఇంతకంటే బాగా చేస్తాది," అన్నాడు వెంకటేశ్వర్లు. "మొగం సూడల్ల అని వచ్చినా."

"ఎవరి మొగం?"

ఆయన ఆ మాట విననట్టు ఇంకో నిప్పట్టు నోట్లో వేసుకుని, బండికి కట్టిన గోనెసంచి విప్పాడు. "ఇవి మా చేను శెనక్కాయలు. శాంతకుమారమ్మకియ్యి. ఎట్లా పోతాండావ్ గదా..."

అంతే. నాలుగు నెలల సహనం ఆళ్లగడ్డ బస్టాండులో ఠపీమని తెగిపోయింది. మార్తా లేచి నిలబడి కాలు నేలకేసి కొట్టింది. "నేను మోయను పో! సచ్చినా మోయను! నాకొక్కటే సెలవు! నాకు కొండ కావాల! నాకు ఎవ్వరూ వద్దు!" అని గట్టిగా ఏడుపు గొంతుతో అరిచింది. బస్టాండులో జనమంతా ఇటు తిరిగారు. ఒక తల్లి ఒళ్లో ఏడుస్తున్న బిడ్డ కూడా ఏడుపాపి ఈమెను చూసింది.

వెంకటేశ్వర్లు సంచి మళ్లీ బండికి కట్టేశాడు. "సరే తల్లీ, యాడవాకు. తొందరగా పోదువులే," అని ఆమెను అహోబిలం బస్సెక్కించాడు. కిటికీ పక్క సీటు చూపించి, కండక్టరు చెవిలో ఏదో చెప్పి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

బస్సులో మార్తా లెక్క వేసుకుంది. రెండు రోజుల్లో ఒక పగలు రాయికీ నిప్పట్లకూ పోయింది. మిగిలింది రేపొక్కటే. ఈ హిమజ ఎవరో, ఆమె కూడా ఉగ్గాని పెట్టి మూడు గంటలు కూర్చోబెడితే కొండ లేదు, గుహ లేదు. ఆమె చుట్టూ చూసింది. మూటను మెల్లగా కాలితో సీటు కిందికి తోసింది. దిగువ అహోబిలంలో ఏమీ ఎరగనట్టు దిగి, గబగబా నడిచింది. జీవితంలో మొదటిసారి తప్పు చేస్తున్న పిల్ల, చెవులు ఎర్రబడ్డాయి.

ఇరవై అడుగులు పోయిందో లేదో, వెనక నుంచి కేక. "రాయి పాపా! ఓ రాయి పాపా! డబ్బా!" కండక్టరు చొక్కా బయటికొచ్చేలా పరుగెత్తుకొచ్చాడు. "బతికిపోతి! ఇది పోయింటే నేను నంద్యాల డిపోలో తల ఎత్తుకోగల్నా? పోయిన్నెల మూతొకటి పోగొట్టినందుకే ఆయమ్మ ఇప్పటికీ నన్ను పలకరీదు!" మూటను ఆమె చేతుల్లో పెట్టి, ఊపిరి పీల్చుకుని పోయాడు. ఆ సాయంత్రం సత్రం గదిలో మార్తా మూటను ఎదురుగా పెట్టుకుని, పోలిష్‌లో దాన్ని చాలాసేపు తిట్టింది.

ఆదివారం ఏడింటికల్లా జీపులో ఎగువ అహోబిలం చేరింది. మెట్ల దగ్గర కొబ్బరికాయలూ చేతికర్రలూ అమ్మే చిన్న అంగడి కనపడింది. గల్లాపెట్టె వెనక ముప్పై ఏళ్ల మనిషి నవ్వుతూ కూర్చుంది.

"హిమజా?"

"నేనే."

మార్తా మూటను దబ్బుమని బల్ల మీద పెట్టింది. "తీస్కో. నాకు తిండి వద్దు. కూసోను. పోతాండా."

"పోదువులే. మూట విప్పిపో," అంది హిమజ. "నీదే గదా అది."

మార్తా నిలబడిపోయింది. హిమజే ముడి విప్పి మూత తీసింది. ఎండబెట్టిన కరకరలాడే జొన్నరొట్టెలు. పక్కన చిన్న డబ్బాలో శెనక్కాయల పొడి. కాలుతున్న రాళ్ల మీద ఉత్త కాళ్లతో నడిచేవాళ్ల కోసం లావుపాటి మేజోళ్లు రెండు జతలు. చెమటకు నీళ్లలో కలుపుకుని తాగే ఉప్పు చక్కెర పొట్లాలు. కాలికి గాయమైతే వేసుకోవడానికి పట్టీలు. మార్తా పొడిని వేలితో అద్ది భయంభయంగా నాలుకకు పెట్టుకుంది. కారం లేదు. బొత్తిగా లేదు. శాంతకుమారమ్మ ఇంట్లో మిరపకాయ పడని పొడి తయారైందంటే, దాని కోసం రోలు ప్రత్యేకంగా కడిగించి ఉండాలి.

"చేతికిస్తే వద్దు పో అంటావంట గదా," అంది హిమజ. "ఇంకొకరిదంటే ప్రాణం పెట్టి మోస్తావంట. అందుకే ఆయమ్మ నీది నీతోనే మోయిచ్చింది. చదువుకునేటప్పుడు నేనూ ఆ మిద్దె గదిలోనే ఉంటి. హాస్టల్లో నా స్నేహితురాలికని చెప్పి ఎన్ని డబ్బాలు మోసినానో! తీసకపొయ్యి ఇస్తే ఆ పిల్ల, 'నీకేనంట, తిను,' అనేది."

"తొండి!" అని అరిచింది మార్తా. ఆటలో మోసం జరిగితే పిల్లలు అరిచే మాట అది. "ఇది తొండి! మళ్ల రాయి? రాయి నాదేనా?"

హిమజ పడీపడీ నవ్వింది. "అహోబిలానికి తెల్లోళ్లు వస్తానే ఉంటారు పాపా, ఎవరూ గుర్తు పెట్టుకోరు. రాయి మోసే తెల్లపిల్లను ఎవరైనా మర్చిపోతారా? నువ్వు యాడ దిగినావో, యాడ ఎక్కినావో, నిన్న పొద్దున్నుంచి దారిపొడుగునా అందరూ ఫోన్లే."

"వెంకటేశ్వర్లు?"

"తెలిసిన మగమనిషి బస్సెక్కిస్తే కండక్టరు రోంత కనిపెట్టి చూస్తాడని పిలిపిచ్చింది. పాపం, శెనక్కాయలు మాత్రం ఆయప్ప సొంత తెలివి."

మార్తా బల్ల పక్కనే కూలబడింది. కోపం వస్తోంది, దాని వెంటనే ఇంకేదో కూడా వస్తోంది. "నేను ఒక్కదాన్నే పోతానని చెప్పినా గదా," అంది చిన్నగా.

"ఆ మాటే అందరికీ చెప్పింది," అంది హిమజ. "'పిల్ల ఒంటరిగా చూడల్ల అంటాంది. కొండ మీద ఎవరూ దాని ఎంట పోవాకండి. పలకరీవాకండి. తిరిగొచ్చిందా లేదా, అంతే చూడండి,' అని. నాకు రావల్లనే ఉంది. వస్తే మళ్ల ఆయమ్మకు ఎవరు జవాబు చెప్తారు? పో, ఎండ ఎక్కకముందే పో."

మార్తా మేజోళ్లు వేసుకుని, రొట్టెలు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. వాగు దాటింది, రాళ్లెక్కింది. దారిలో భక్తులున్నారు గానీ ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. చేతికర్రలు అమ్మే ఒక ముసలమ్మ ఆమెను చూసి ఏదో అనబోయి, గుర్తొచ్చినట్టు నోరు మూసుకుని అటు తిరిగింది. గుహ దగ్గర పైనుంచి సన్నటి నీటి ధార పడుతోంది. మార్తా ఆ ధార కింద తల పెట్టి, ఒక బండ మీద కూర్చుని, అడవి వైపు చూస్తూ ఒక్కతే రొట్టెలు తినింది. ఎవరూ 'ఇంకొకటి' అనలేదు. అయినా ఇంకొకటి తినింది. ఆమెకు చాలా సంతోషంగా ఉంది.

మధ్యాహ్నం దిగొచ్చేసరికి ఫోనులో శాంతకుమారమ్మ పేరు పదకొండుసార్లు ఉంది. మార్తా ఫోను చేసింది. ఒక్క మోతకే ఎత్తింది.

"మూట ఇచ్చినావా?" అంది శాంతకుమారమ్మ.

"ఇచ్చినా అవ్వా."

"ఆ... మళ్ల... ఆ పిల్ల తినిందా?"

మార్తా హిమజ వైపు చూసింది. హిమజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తినింది అవ్వా. అన్నీ తినింది."

"వద్దు పో అనలేదా?"

"అనలేదు. మంచి పిల్ల."

అవతల శాంతకుమారమ్మ గొంతు సవరించుకుంది. "ఏం మంచిదో ఏమో! నాలుగు నెలల్నుంచి పెడ్తాంటే, ఇప్పుడు తినింది. పొడి ఎట్లుందంట?"

"రోంత కారం ఉంటే ఇంకా బాగుండేదంట అవ్వా."

"అబ్బో!" అంది శాంతకుమారమ్మ. "ఆ మాట అన్న పిల్ల ఎవరో నా దగ్గరికి రమ్మను. సంగటి చేసి పెట్టినా."

"వస్తాంది," అంది మార్తా.